నేను అబద్ధం అంటించిన గోడ

టీచరమ్మ పోయిందని నంద్యాల బస్సు దిగిన మనిషి చెబితే నమ్మలేదు. చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. మూడు రోజుల కిందటే దొర్నిపాడు నుంచి ఆళ్లగడ్డ వచ్చి, నా అంగట్లో రవికె గుడ్డ ఇచ్చి, "చేతులు పొడుగ్గా పెట్టప్పా" అని నవ్వి పోయిన మనిషి. నంద్యాల ఆసుపత్రిలో చేర్చిన పూటే గుండె ఆగిపోయిందట.

ఆమె మా ఆళ్లగడ్డ బడిలో పెద్ద టీచరమ్మగా ఉండేది. పిల్లలు తప్పు చెప్పినా చివరిదాకా వినిగానీ దిద్దేది కాదు. ఆమెకు నేను చేసిన ద్రోహం ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను.

నాలుగేళ్ల కిందట, ఆమె కొట్టిన దెబ్బకు ఒక పిల్లవాడి చెవులు పోయాయని టీ అంగట్లో ఎవరో అనగా విన్నాను. రక్తం ఉడికింది. నిజమో కాదో కనుక్కోలేదు. స్వాతంత్ర్యం వచ్చింది, రాజ్యాంగం వచ్చింది, ఇక ఎవరినేమైనా అనొచ్చనుకున్నాను. ఆ మాటే తాటికాయంత అక్షరాలతో రాసి, కింద పేరు పెట్టకుండా, పొద్దున్నే బడి గోడకు అంటించాను. రెండో కాగితానికి గంజి పూస్తుంటే పిల్లల తండ్రులు పట్టుకున్నారు.

"నాలుక కోస్తా!" అని ఒకాయన నా అంగీ పట్టి గుంజాడు.

"మాట్లాడే హక్కు నాకుండాది. ఆపేకి మీరెవురు?" అని నేనూ అరిచాను.

టీచరమ్మ పరుగున వచ్చింది. కాగితం చదివింది. ముఖం పాలిపోయింది. అయినా మొదట అన్న మాట, "వదలండప్పా ఆయప్పను."

తర్వాత నావైపు తిరిగింది. "అడిగే హక్కు నీకుండాది. జవాబు చెప్పే హక్కు నాకుండాది. అబద్ధమైతే ఆ బరువు నువ్వే మోయాల. పేరెందుకు పెట్టలేదప్పా?"

 గుంపులోంచి ఆ పిల్లవాడి తల్లి ముందుకొచ్చింది. "బడిలో చేరకముందే జరమొచ్చి పోయినాయి నా కొడుకు చెవులు. పెదాలు కదిలేది చూసి మాట తెలుసుకునేది వానికి నేర్పిచ్చింది ఈయమ్మే."

నిలువునా నీరైపోయాను. నేను రాసింది అబద్ధమని, ఈసారి నా పేరు పెట్టి, అదే గోడకు అంటించాను.

అంతటితో అయిపోలేదు. మర్నాడు ఊరి పెద్ద ఒకాయన టీచరమ్మ దగ్గరికొచ్చి, ఇకమీద బడి గోడకు ఎవరూ ఏ కాగితమూ అంటించకూడదన్నాడు. కాలువ నీళ్లన్నీ ఆయన పొలానికే మళ్లుతున్నాయని రైతులు పేర్లు పెట్టి రాసేది ఆ గోడమీదే.

"నీ మంచికే చెప్తాండా" అన్నాడాయన.

"నా పేరు చెప్పి వాళ్ల నోరు మూయొద్దన్నా" అంది టీచరమ్మ. "నన్ను తిట్టింది ఒక కాగితం. ఇంకో కాగితం జవాబు చెప్పింది. గోడేం చేసింది?"

రెండు నెలలు తిరక్కుండానే ఆమెను దొర్నిపాడుకు మార్చారు. ఆ మాట విని పరుగెత్తాను. ఆమె పెట్టె సర్దుకుంటోంది.

"నా అబద్ధం వల్లే కదమ్మా?"

"కాదప్పా. ఆ రైతుల నిజం వల్ల."

నంద్యాలలో ఆమెను మట్టిచేసే చోట, నాలుగు మాటలు ఎవరైనా చెప్పండని పాస్టరుగారు అడిగారు. ఎలా కదిలానో తెలియదు, పిడికెడు మట్టితో ముందుకొచ్చాను.  పక్కన నిలబడ్డ ముసలమ్మ ఒకామె నా మోచేయి పట్టుకుంది.

"చెప్పు నాయనా, వింటాండాం."

ముందు నా పేరు చెప్పాను. అందరూ నావైపే చూస్తున్నారు. గుంటలో వేయాల్సిన మట్టి నా పిడికిట్లోంచి, వేళ్ల సందుల్లోంచి, కొంచెం కొంచెంగా రాలుతోంది.