వ్యానులో గూడు

నేను వ్యాను కొనడానికి కారణం గోత్రం. ఏ ఊరు చూడబోయినా చవకగా తల దాచుకోవడానికి సత్రమే దిక్కు. సత్రం గుమాస్తా ముందు పేరు అడుగుతాడు, తర్వాత కులం, ఆపైన గోత్రం. ఒకసారి 'మనుష్య గోత్రం రాసుకోండి' అని వాదనకు దిగి, నా భార్యను వానలో నిలబెట్టాను. గది దొరక్క అదే సాయంత్రం బస్సెక్కి ఇంటికొచ్చేశాం. ఇకమీదట ఎవరి గడపా తొక్కకుండా దేశం చూద్దామని దారిలోనే ఆమెకు మాటిచ్చాను.

తొంభైల చివర్లో, కడియం నర్సరీలకు మొక్కలు మోసి అలసిపోయిన పాత వ్యాను ఒకటి దొరికింది. ధవళేశ్వరం దారిలో లారీలకు బాడీలు కట్టే ఒక మేస్త్రీ షెడ్డులో పెట్టాను. నేల రేకు ఊడదీస్తే కింద వేలెడు మందాన ఎర్రమట్టి, అందులో పాలిపోయిన మొలక ఒకటి, వెలుతురు కోసం పక్కకు పాకుతూ కనిపించింది. మేస్త్రీ దాన్ని వేరు తెగకుండా తీసి కొబ్బరిచిప్పలో పెట్టుకున్నారు.

ఆయన నాకన్నా పెద్దవారు. నన్ను 'మీరు' అనేవారు. నేను ఆయన్ను 'నువ్వు' అనేవాణ్ణి. సమానత్వం మీద ఊరూరా ఉపన్యాసాలిస్తున్న రోజులవి.

రెండు నెలలు పట్టింది పని. తుప్పు గీకి, అతుకులు వేసి, ఎండ దిగకుండా టాపు కింద కొబ్బరిపీచు దట్టించి ప్లైవుడ్ కొట్టారు. పగలు బల్లలా ఉండి, పడుకునే వేళకు మంచమయ్యే చెక్క అమర్చారు. దాని కింద స్టవ్వుకు అర, కిటికీలకు దోమల జాలీ. నేను రోజూ స్కూలు విడిచాక వెళ్ళి కూర్చునేవాణ్ణి. పని చూస్తున్నాననుకునేవాణ్ణి గానీ, చేసిందల్లా మాట్లాడటమే. మాట్లాడే ఊపులో కళ్ళజోడు తీసి ఎక్కడ పడితే అక్కడ పెట్టేవాణ్ణి. రెండుసార్లు రంపంపొట్టులోంచి వెతికి, తుడిచి, ఆయనే చేతికిచ్చారు.

పని పూర్తయ్యే రోజున మా హేతువాద చర్చావేదిక మిత్రులు నలుగురు వ్యాను చూడటానికి వచ్చారు. తలుపు తీశాను. మంచం తలవైపు, చెయ్యి చాపితే అందేటంత ఎత్తులో చిన్న చెక్క గూడు. పైన కమానులా చెక్కి ఉంది. ముందు అంచు కట్టి ఉంది. లోపల ఎర్ర మఖమల్ గుడ్డ అంటించి ఉంది.

"నా బండిలో దేవుడి గూడా? పీకెయ్," అన్నాను.

"అది కాదు మాస్టారూ..." అన్నారాయన.

ఆపై ఆయన్ను మాట్లాడనివ్వలేదు. విగ్రహం గురించి, భయం గురించి, భయం చేతిలో ఉలి అయిన పనివాడి గురించి పావుగంట మాట్లాడాను. మిత్రులు తలలూపారు. షెడ్డులో పనివాళ్ళు సుత్తులు ఆపి విన్నారు. నేను ఆగాక మేస్త్రీ "సరేనండి" అని, గూడు బద్దలు కొట్టకుండా ఒక్కొక్క మేకే లాగి, దాన్ని పక్కన పెట్టారు.

ఆ నెల సభలో ఈ ముచ్చట చెబితే చప్పట్లు కొట్టారు. మా చిన్న పత్రికలోనూ రాశాను. పేరు రాయలేదు గానీ, ఆ దారిలో వ్యాన్లు బాగుచేసే షెడ్డు అదొక్కటే. ఆయనకు 'గూడు మేస్త్రీ' అని పేరు పడింది. లారీల వాళ్ళు వచ్చి "గూడు పెట్టవయ్యా మేస్త్రీ, మాస్టారికి మేం చెప్పంలే" అని ఆటపట్టించేవారట.

మొదటి ప్రయాణం మారేడుమిల్లి వైపు. ఒక వాగు పక్కన ఆపి పడుకున్నాం. పొద్దున లేచి మంచం దిగుతుంటే కాలి కింద కళ్ళజోడు పటుక్కున పగిలింది. వ్యాను నడపడం వచ్చింది నాకొక్కడికే. నాకేమో పది అడుగుల అవతల చెట్టేదో మనిషేదో తెలియదు.

నా భార్య గాజుముక్కలు ఏరుతూ తలెత్తకుండానే అంది: "ఆ గూడు దీనికోసమేనండీ. కొలతకని ఇంటికొచ్చి మీ కళ్ళజోడు పెట్టె నా దగ్గర అడిగి తీసుకెళ్ళాడాయన."

"అప్పుడే చెప్పొచ్చుగా?"

"మీరు పీకించిన సంగతి నాకు తెలిసేసరికి పత్రికలో అచ్చేసేశారు. అయినా దేవుడి గూడేంటండీ? ఆయన చర్చికెళ్ళే మనిషి. ఆదివారం షెడ్డెందుకు మూస్తాడనుకున్నారు?"

పనివాళ్ళకు సెలవనుకున్నాను. ప్రతి నమ్మకాన్నీ ప్రశ్నించమని చెప్పి తిరిగినవాణ్ణి, రెండు నెలల్లో ఆ మనిషిని ఒక్క ప్రశ్న అడగలేదు. 'ఇది దేనికి?' అనైనా అడగలేదు. మధ్యాహ్నానికి ఒక జీపు డ్రైవరు దయతలచి మా వ్యాను నడిపి ఊరు చేర్చాడు. దారంతా బయటికి చూస్తూ కూర్చున్నాను. ఏమీ కనపడలేదు.

కొత్త కళ్ళజోడు రాగానే షెడ్డుకు వెళ్ళాను. "మేస్త్రీ గారూ" అన్నాను. ఆ 'గారు' విని పనివాళ్ళు తలలెత్తారు. అనుకుని వెళ్ళిన క్షమాపణ నోట్లోనే ఉండిపోయి, గూడు మళ్ళీ పెట్టాలని మాత్రం చెప్పాను.

"పెడతానండి. కాకపోతే ఇది కళ్ళజోడుకని కాయితమ్మీద రాసిచ్చేయండి మాస్టారూ. మళ్ళీ మీవాళ్ళెవరైనా వచ్చి పీకించేస్తారు."

పనివాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. "మీ పత్రికలో రాసినా పర్లేదండి," అన్నారు, రంపం చేతిలోకి తీసుకుంటూ.

రాస్తానన్నాను. తర్వాతి సంచికలో రాయలేదు, ఆ తర్వాతి దాన్లోనూ రాయలేదు. నేను తప్పు ఒప్పుకుంటే అవతలి పక్షం పండగ చేసుకుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. నిజం అంతకంటే చిన్నది: ఆ చప్పట్లు వెనక్కి ఇచ్చెయ్యడం నాకిష్టం లేకపోయింది. గూడు కోసం మరో రెండుసార్లు వెళితే "కాయితం తెచ్చారాండి?" అని నెమ్మదిగా అడిగారు. మూడోసారి ఆ దారి వదిలేసి చుట్టుదారిన వెళ్ళాను.

ఎనిమిదేళ్ళు తిరిగాం ఆ వ్యానులో. తలవైపు నాలుగు మేకుల బెజ్జాలు అలాగే ఉండేవి. కళ్ళజోడు చొక్కా జేబులో పెట్టుకునే పడుకునేవాణ్ణి. ఇప్పుడు ఆ షెడ్డు లేదు. మేస్త్రీ గారు కోనసీమలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారని విన్నాను. ఏ ఊరో కనుక్కుంటున్నాను. దొరికితే ఈ కాయితం నేనే తీసుకెళ్ళి ఇస్తాను. ఆయన అడిగింది ఒక్క ముక్క, నేనేమో ఇంత రాశాను. ఆ ముక్క ఇది: మేస్త్రీ గారు నా వ్యానులో పెట్టింది కళ్ళజోడు గూడు.