పెద్ద సార్ గేమ్ క్యాసెట్టూ, నా ఊపిరీ

ఆ రోజుల్లో వీడియో గేమ్ విషయంలో మా మెట్‌పల్లి పిల్లల్లో రెండు జాతులుండేవి. డబ్బులిచ్చి కుర్చీలో కూర్చుని ఆడేవాళ్ళు ఒక జాతి, ఆ కుర్చీ వెనక నిలబడి మెడలు చాచి చూసేవాళ్ళు ఇంకో జాతి. నేను పుట్టుకతోనే రెండో జాతివాణ్ణి. బస్టాండ్ వెనక సందులో నాలుగు టీవీలూ నాలుగు మిషన్లూ ఉన్న దుకాణం ఒకటుండేది. దాని సేటు చొక్కా జేబులో ఎప్పుడూ పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు ముక్క ఉండేది కాబట్టి మేం అతన్ని రబ్బరు సేటు అనేవాళ్ళం. క్యాసెట్ మొరాయిస్తే దాని ఇత్తడి పళ్ళను ఆ రబ్బరుతో రుద్ది, ఉఫ్‌మని ఊది, కళ్ళకద్దుకుని మిషన్లో పెట్టేవాడు. అప్పటికీ వినకపోతే మిషన్ నెత్తిన అరచేత్తో ఒక్కటిచ్చేవాడు. పైసా ఇవ్వని నన్ను అతను వెళ్ళగొట్టకపోవడానికి కారణం ఉంది. నేను ఊరికే నిలబడేవాణ్ణి కాదు, ఆడేవాళ్ళకు వెనకనుంచి సలహాలిచ్చేవాణ్ణి. వాళ్ళు రోషంతో ఇంకో గంట ఆడేవాళ్ళు. మా నాయనకు మాత్రం ఇది బొత్తిగా మింగుడు పడేది కాదు. "ఆడితె ఆడినవ్ గని, ఇంకొకడు ఆడుతుంటె నిలవడి సూసుడేంది ర? అదేమన్న కొలువా?" అనేవాడు. ఆ మాటకు జవాబు దొరకడానికి నేను ఒమాన్ దాకా పోవలసి వచ్చింది.

ఐటీఐలో ఏసీ మెకానిక్ పాసై, సర్టిఫికెట్‌కు ప్లాస్టిక్ కవరు తొడిగించుకుని అక్కడి సలాలా అనే ఊరికి వెళ్తే, కంపెనీ నాకిచ్చిన పని రాగి గొట్టాలు భుజాన మోసి నాలుగో అంతస్తుకు ఎక్కించడం. ఎనిమిది నెలలు అదే డ్యూటీ. నా భుజం మీద కాయ కాసింది గానీ ఒక్క ఏసీ మూత కూడా విప్పలేదు. (ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం 'ఏసీల్లోనే ఉంటున్న' అని చెప్పేవాణ్ణి. మా అమ్మ చల్లగా ఉంటున్నానని సంతోషపడేది.) ఇంతలో పోర్టు వాళ్ళ విల్లాల్లో ఏసీలు చూసే మనిషి సెలవు మీద ఇంటికెళ్ళడంతో ఆ అదృష్టం నాకు పట్టింది. పట్టించినవాడు మా ఫోర్‌మన్. ఆర్మూర్ దగ్గరివాడు, నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. అరబ్బీలో 'అయిపోయింది' అనడానికి వాడే ఖలాస్ అన్న మాట లేకుండా అతని వాక్యం పూర్తయ్యేది కాదు కాబట్టి అందరికీ ఖలాస్ అన్న. నన్ను వ్యాన్లో కూర్చోబెట్టి ఒకే ఒక్క మాట చెప్పాడు.

"తమ్మీ, నెల రోజులు సూస్త. ఒక్క కంప్లైంట్ అచ్చిందనుకో, మల్ల సైటే. ఖలాస్."

ఆ విల్లాల్లో నాకు ఎక్కువగా పని తగిలింది ఒక అమెరికా కుటుంబం ఇంట్లో. వానాకాలం కావడంతో సలాలా అంతా పొగమంచూ జల్లూ, గోడలకు చెమ్మ, ఏసీ నీళ్ళు బయటికి పోయే పైపుల్లో పాచి. రెండు వారాల్లో అయిదుసార్లు వెళ్ళాను. అయిదుసార్లూ ఆశ్చర్యపోయి తిరిగొచ్చాను. ఆ ఇంట్లో మూడు తరాల వాళ్ళున్నారు, మూడు తరాలకూ వీడియో గేమ్ పిచ్చే. కానీ ఒకరి పిచ్చి ఒకరికి కిట్టదు. పోర్టులో ఇంజినీరైన సార్, డ్యూటీ నుంచి రాగానే చెవులకు డిప్పలు తగిలించుకుని సోఫాలో పడుకుని, తనెప్పుడూ చూడని మనుషులతో కలిసి యుద్ధం చేస్తూ కేకలేసేవాడు. (దూరంనుంచి వింటే అచ్చం కాంక్రీట్ పోసేరోజు మా సైట్ లాగే ఉండేది.) పద్నాలుగేళ్ళ ఆయన కూతురు అసలు ఆడనే ఆడదు. వేరేవాళ్ళెవరో ఆడుతుంటే ఫోన్లో గంటలకొద్దీ చూస్తుంది. సార్ ఆ పిల్లను తిట్టే తిట్లు ఇంగ్లీషులో ఉన్నా, మా నాయన గొంతు నాకు స్పష్టంగా వినిపించేది.

వానాకాలం చూద్దామని వచ్చిన సార్ అమ్మానాన్నలది మరో లోకం. సార్ వాళ్ళ అమ్మగారిని అడిగితే 'ఈ ఇంట్లో గేములాడనిది నేనొక్కదాన్నే' అని గర్వంగా చెప్పేది. చెబుతూనే ఫోన్లో రంగురంగుల మిఠాయిలను వరసల్లో కలుపుతూ ఉండేది. అప్పటిదాకా ఆమె చేతిలో ఫోన్ లేకుండా నేను చూసింది ఒక్కసారే, అప్పుడది ఛార్జింగ్‌లో ఉంది. ఇక పెద్ద సార్. ఆయన దగ్గర తన కొడుక్కు చిన్నప్పుడు కొనిచ్చిన పాత మిషనూ ఒకే ఒక్క క్యాసెట్టూ ఉండేవి. కొడుక్కు రెండేళ్ళలో మొహం మొత్తితే తండ్రికి ముప్పై ఏళ్ళయినా మొత్తలేదు. దాన్ని అమెరికా నుంచి పెట్టెలో బట్టల మధ్య చుట్టి తెచ్చుకున్నాడు. రోజూ పొద్దున కాఫీ కాగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని, నిటారుగా కూర్చుని సరిగ్గా గంటసేపు ఆడేవాడు.

ఆరోసారి వెళ్ళింది ఒక శుక్రవారం. సెలవు కాబట్టి ఇంటిల్లిపాదీ హాల్లోనే ఉన్నారు. మళ్ళీ అదే పైపు మూసుకుపోయింది. ఖలాస్ అన్న నాకు పని నేర్పినప్పుడు, పైపులో పాచి తియ్యాలంటే గాలి పీల్చే మిషన్ పెట్టి బయటికి లాగాలి అని రెండుసార్లు చెప్పాడు. ఆ మిషన్ వ్యాన్లో ఉంది, వ్యాన్ గేటు బయట ఉంది, బయట జల్లు పడుతోంది. అంత దూరం పోవడం దేనికని ఇంటి వెనక గోడ దగ్గర కూర్చుని పైపు నోట్లో పెట్టుకుని బలమంతా కూడగట్టి ఊదాను. నా ఊపిరి ఎంత గొప్పదంటే పాచీ, నీళ్ళూ, రెండు వారాల బురదా కలిసి వచ్చిన దారినే లోపలికి తిరిగి వెళ్ళాయి. హాల్లోంచి ఒక కేక వినిపించింది. పరుగెత్తి చూస్తే ఏసీ మూతలోంచి నల్లటి నీళ్ళు ధారగా కారుతున్నాయి. సరిగ్గా దానికింద పెద్ద సార్ మిషన్. పక్కన తడిసిన ఇస్త్రీ చొక్కాతో పెద్ద సార్.

ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మిషన్ని ఒళ్ళో పెట్టుకుని చొక్కా అంచుతో తుడుస్తూ కూర్చున్నాడు. సార్ వచ్చి, పోతే పోయింది, కొత్తది కొనిస్తానన్నాడు. అమ్మగారు మిఠాయిల మీంచి చూపు తిప్పకుండానే ఫ్రిజ్‌కి అంటించి ఉన్న మెయింటెనెన్స్ నంబరుకు ఇంటి ఫోన్లోంచి ఫోన్ చేసింది. అవతల ఖలాస్ అన్న గొంతు వినగానే నా భుజం మీది కాయ నొప్పెట్టడం మొదలైంది. అరగంటలో వస్తానన్నాడట. నాకు మిగిలింది ఆ అరగంట.

నాకొచ్చిన కాస్త ఇంగ్లీషూ కూడగట్టుకుని, ఒక్కసారి నాకివ్వండి సార్, అని చేతులు చాచాను. ఆయన నా మొహంలోకి చూసి ఏమనుకున్నాడో ఇచ్చేశాడు. తీగలన్నీ పీకి, మూత విప్పాను. నీళ్ళు లోపలికి పెద్దగా పోలేదు, తడంతా క్యాసెట్ పెట్టే నోటి దగ్గరే ఉంది. గుడ్డతో అద్ది, పక్క గదిలోని ఏసీ గాలికి పట్టి ఆరబెట్టాను. ఆరిందని గట్టిగా నమ్మకం కుదిరాక, మిషన్‌ను ఏసీ ధారకు దూరంగా జరిపి తీగలు కలిపితే టీవీ నిండా రంగు గడులు వణికాయి. అక్కడితో నా ఐటీఐ చదువు అయిపోయింది. ఇక మిగిలింది రబ్బరు సేటు చదువు. సార్ వాళ్ళ పాపనడిగి రబ్బరు తీసుకున్నాను. క్యాసెట్ పళ్ళు తెల్లబడేదాకా రుద్దాను. ఉఫ్‌మని ఊదాను. ఊదుతుంటే పెద్ద సార్ కుర్చీలోంచి లేచాడు. నా చేతిలోంచి క్యాసెట్ తీసుకుని తనూ ఊదాడు, అచ్చం నాలాగే, ఆ చివరనుంచి ఈ చివరదాకా మౌతార్గాన్ వాయించినట్టు. ఒకరినొకరం చూసుకున్నాం. ఎక్కడి అమెరికా, ఎక్కడి మెట్‌పల్లి. పాపకు మాత్రం మేమేం చేస్తున్నామో అర్థం కాలేదు.

తర్వాత నేను క్యాసెట్‌ను కళ్ళకద్దుకున్నాను. అదెందుకని ఆయన అడిగాడు. పని మొదలుపెట్టేముందు మేమిలాగే చేస్తామని చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, క్యాసెట్‌ను రెండు చేతులతో అందుకుని శ్రద్ధగా కళ్ళకద్దుకున్నాడు. దాన్ని మిషన్లో పెట్టి మీట నొక్కితే టీవీ ఇంకా వణుకుతోంది. నేను ఆలోచించకుండా మిషన్ నెత్తిన అరచేత్తో ఒక్కటిచ్చాను. అమ్మగారి చేతిలోంచి ఫోన్ జారిపోయింది. నల్లబడ్డ టీవీలోంచి ఒక పాట మొదలైంది. అది రబ్బరు సేటు దుకాణంలో మూడో టీవీ పాట. పేలుతూ పేల్చుతూ పైకెగిరే చిన్న విమానం ఆట. అయిదేళ్ళపాటు నేను కుర్చీ వెనక నిలబడి చూసిన ఆట.

పెద్ద సార్ ఆడటం మొదలుపెట్టాడు. నేను పోవలసినవాణ్ణి, పోలేదు. నా కాళ్ళు వాటంతటవే నడిచి ఆయన కుర్చీ వెనక నిలబడ్డాయి. నాలుగో రౌండ్లో వంతెన వచ్చింది. సార్ నవ్వి, నాన్న ముప్పై ఏళ్ళుగా ఆ వంతెన దాటలేదు, ఇక్కడే చచ్చిపోతాడు, అన్నాడు. అలాగే చచ్చిపోయాడు. ఇంకొక్క ప్రాణం మిగిలింది. మళ్ళీ వంతెన వచ్చింది. ఇక నా వల్ల కాలేదు.

"లెఫ్ట్ సార్, లెఫ్ట్. నో ఫైర్. వెయిట్, త్రీ బోట్ గో," అన్నాను.

పెద్ద సార్ వెనక్కి తిరగలేదు. విమానాన్ని ఎడమ అంచుకు అతికించినట్టు పెట్టి, వేలు పైకెత్తి ఆగాడు. ఒక పడవ పోయింది. రెండోది పోయింది. సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర ఖలాస్ అన్న ప్రత్యక్షమయ్యాడు. నేల నిండా నల్లనీళ్ళు, ధార కట్టిన ఏసీ, దొర కుర్చీ వెనక నిలబడి అరుస్తున్న నేను. సారీ చెప్పడానికి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండి, అతని కళ్ళు టీవీకి అతుక్కుపోయాయి. మూడో పడవ పోయింది. 'గో సార్' అని నేను అరిచాను. విమానం వంతెన దాటి, ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ చూడని పచ్చటి అడవి మీదికి ఎగిరింది.

"ఖలాస్," అన్నాడు మా అన్న, నెమ్మదిగా, పూజారి హారతి ముగించినట్టు.

ఆ తర్వాత హాలంతా ఒకటే గోల. పెద్ద సార్ నా బురద చేతులు పట్టుకుని ఊపుతూనే ఉన్నాడు. ఇంత బాగా ఎన్నేళ్ళు ఆడావని అడిగాడు. నేను నిజమే చెప్పాను, ఆడలేదు సార్, చూశాను. పాప తన తండ్రి వైపు తిరిగి, కనుబొమలు పైకెత్తింది. సార్ గొంతు సవరించుకుని కిటికీ బయటి జల్లు వైపు చూశాడు. కంప్లైంట్ సంగతి ఏం చెయ్యమంటారని ఖలాస్ అన్న భయంభయంగా అడిగితే, ఇకమీద ఈ ఇంటికి ఈ అబ్బాయినే పంపాలి, అదే నా కంప్లైంట్ అన్నాడు పెద్ద సార్. ఏసీ ఇంకా కారుతూనే ఉందని గుర్తుచేసింది అమ్మగారొక్కతే. మేము తిరిగి వ్యాన్ ఎక్కాక అన్న తాళంచెవి తిప్పబోయి ఆగాడు. "గని పైపు నోట్లె పెట్టుకొని ఊదినవా ర?" అని అడిగి, స్టీరింగ్ మీద తలపెట్టి నవ్వాడు. నేను మళ్ళీ సైట్‌కు పోలేదు. పెద్ద సార్ వెళ్ళిపోయేదాకా ప్రతి పొద్దునా క్యాసెట్ కళ్ళకద్దుకునే ఆడాడని తర్వాత పాప చెప్పింది.

ఇప్పుడు నేనే ఫోర్‌మన్ని. మా రూముల్లో కుర్రాళ్ళు నన్ను లెఫ్ట్ అన్న అంటారు, ఎందుకో వాళ్ళకు తెలియదు. మధ్యాహ్నం వ్యాన్లో నేను ఫోన్లో మిఠాయిలు కలుపుతుంటాను. (ఎవరైనా అడిగితే నేను గేములాడనని చెబుతాను.) మొన్న సెలవుకు వెళ్ళినప్పుడు మా కొడుకు కొత్త మిషన్ ఆట మధ్యలో బిగుసుకుపోయింది. నేనున్నాను కదా అని గర్వంగా చేతిలోకి తీసుకుని నాలుగు వైపులా తిప్పి చూశాను. ఎక్కడా క్యాసెట్ లేదు, దానికి నోరే లేదు, ఊదడానికి చోటే లేదు. "ఏం ఎతుకుతున్నవ్ నాయినా?" అన్నాడు వాడు. ఏం లేదని కళ్ళకద్దుకుని తిరిగి ఇచ్చేశాను. వాడు మీట నొక్కగానే ఆట మొదలైంది. అది నావల్లేనని నేను వాడితో అనలేదు. కొలువేనే నాయినా, అది కొలువే, అని లోపల మా నాయనకు చెప్పుకుని, మెల్లగా వెళ్ళి మావాడి కుర్చీ వెనక నిలబడ్డాను.