ఒకటో నంబరు మొగపెండ్లివారిదే

మా ఖేడ్ దిక్కు పెండ్లంటే ఫొటోగ్రాఫర్లు ఇద్దరు. ఆడపిల్లవాళ్లకు ఒకరు, మొగపిల్లగాని వాళ్లకు ఒకరు. ఒక్కరే తీసి ఇద్దరికీ ఇస్తే ఏం పోతుందని స్టూడియో పెట్టినప్పటి నుంచీ అడుగుతున్నాను. "గట్లెట్ల? మా మర్యాద మాకుండొద్దా?" అంటారు.

ఆ పెండ్లిలో నాది ఆడపిల్ల తరఫు. రాగానే పిల్ల తల్లి నా చెయ్యి పట్టుకుంది. "పెద్దదాని పెండ్లిల జీలకర్ర బెల్లం ఫొటో చీకటైంది చెల్లే. పిల్ల మొహమే కనబడదు. గీ చిన్నదానిదన్న మంచిగ రావాలె."

మండపానికి రెండువైపులా స్టాండ్ల మీద ఫ్లాషులు ఎక్కించి, కెమెరా నెత్తిన ట్రిగ్గర్ పెట్టాను. అగ్గిపెట్టెంత డబ్బా. కెమెరా నొక్కితే వైరు లేకుండానే దూరంగా ఉన్న ఫ్లాషులకు ఖబరు పోతుంది. నేనింకా నొక్కనే లేదు, నా ఫ్లాషులు రెండూ ఫట్టుమన్నాయి.

చూస్తే, అవతల మొగపిల్లగాని ఫొటోగ్రాఫర్ పూలదండలు తీస్తున్నాడు. అతనిదీ అదే రకం ట్రిగ్గర్, ఖబరు పోయే దారి, అంటే ఛానల్, కూడా అదే ఒకటో నంబరు. అతను నొక్కితే నావీ వెలుగుతున్నాయి. అవి మళ్లీ పవర్ ఎక్కేలోపు నేను నొక్కితే నా ఫొటో చీకటి.

"తమ్మీ, ఛానల్ మార్చుకో."

"మీరే మార్చుకోండ్రి అక్కా. మేం మొగపిల్లగాని దిక్కు."

"ఛానల్‌కు గూడ లాంఛనమా? కాళ్లు గూడ కడగాల్నా దానికి?"

పెండ్లికొడుకు మేనమామ మధ్యలో దూరాడు. "మావోడెందుకు తగ్గుతడు? ఒకటో నంబరు మాదే." ఛానల్ అంటే ఏందో ఆయనకు తెలియదు, తగ్గకూడదని మాత్రం తెలుసు.

"ఒకటి కన్న రెండు పెద్దది గదనే అన్నా, లెక్క తెల్వదా?" అన్నాను. ఆయన ఆలోచనలో పడ్డాడు.

అంతలో అయ్యగారు అడ్డుతెర పట్టించారు. పిల్ల తల్లి నన్నే చూస్తోంది. వాదన గెలిచే టైము లేదు. నోరు మూసుకుని స్టాండ్ల దగ్గరికి ఉరికి, నా సామానంతా రెండో ఛానల్‌కు మార్చాను.

తెర దిగింది. నొక్కాను. అతనివీ నావీ నాలుగు ఫ్లాషులూ ఒక్కసారే వెలిగాయి. మేనమామ నా లెక్క నమ్మి, అతనితోనూ రెండో నంబరే పెట్టించాడు! నేను నొక్కిన వెంటనే అతనూ నొక్కాడు గానీ, అప్పటికి దేంట్లోనూ పవర్ లేదు, అతని ఫొటో చీకటి.

భోజనాల దగ్గర మేనమామే వచ్చాడు. "చెల్లే, గా ఫొటో మాక్కూడ ఒకటియ్యి."

"మరి మీ మర్యాద?"

"జర మెల్లగ మాట్లాడరాదూ!"

ఇస్తానన్నాను. ఎవరు తీశారని అడిగినవాళ్లకు మాత్రం నిజమే చెప్తానన్నాను.

పిల్ల తల్లికి కెమెరాలో చూపించాను. పిల్ల మొహం తళతళలాడుతోంది. ఫొటోలో వెనక తల్లి చేతులు జోడించి, కండ్లు గట్టిగా మూసుకుని ఉంది.

"ఫొటో మంచిగ రావాలని బోరంచ పోచమ్మకు మొక్కుతున్న," అంది. ఆగి, "అయితే జీలకర్ర బెల్లం నేను చూడనే లేదు గద చెల్లే!" అంది.

కెమెరా గుంజుకుని కుర్చీలో కూలబడింది. ఎంత అడిగినా ఇవ్వదే. ఇగ భోజనాల ఫొటోలు రెండు తరఫులకూ ఆ ఫొటోగ్రాఫర్ తమ్ముడే తీశాడు.