ఉప్పునీళ్ళ బండికి ఎర్తు

మా ఆటోనగర్ షెడ్డుకి వచ్చేవాళ్ళు ముందు బాబాయికి నమస్కారం పెట్టి, తర్వాత నావైపు తిరిగి, "ఓనరుగారు లేరా అమ్మా?" అంటారు. ఓనర్ని నేనే. బాబాయి మంగళగిరిలో మగ్గం దిగి వచ్చి ఇక్కడ బండ్ల వైరింగ్ నేర్చుకున్న మనిషి. నాది ఇంజన్ కంప్యూటర్ల పని. కంపెనీవాళ్ళ కంప్యూటర్ పాడై కొత్తది దొరకని బండికి బయటి కంప్యూటర్ పెట్టి, పాత సెన్సర్లు చెప్పేది దానికి అర్థమయ్యేలా చేస్తాను. ఈ పనిలో నాకు తడబాటు లేదు. గొప్పలు పోతోంది అనుకుంటే అనుకోండి, నాకేం!

ఆ వేసవిలో ఒక పాత పెట్రోలు వ్యాను వచ్చింది. తోలేదీ, యజమానీ ఒకావిడే. బాపట్ల వైపు హేచరీ నుంచి రొయ్యపిల్లల్ని ఉప్పునీళ్ళ ట్యాంకులో తెచ్చి కైకలూరు చెరువులకు చేరుస్తుంది. దారిలో కంప్యూటర్ చచ్చి బండి ఆగిపోతే, ఒక లోడు పిల్లలు ట్యాంకులోనే పోయాయట.

"ఇంకోసారి ఇట్లా అయితే రైతులు నన్ను పిలవరండీ. నాకున్నదల్లా ఈ బండే. రేపు పొద్దున్నే లోడుంది," అంది. "రేపు మీ బండి వెళ్తుంది. పూచీ నాది," అన్నాను.

ఇంజన్ ఎంత వేడెక్కిందో చెప్పే సెన్సర్‌ది ఒక లెక్క, కొత్త కంప్యూటర్‌లో ముందే ఉన్నది ఇంకో లెక్క. సెన్సర్ ఊడదీసి ఎదురుగా ఉన్న టీకొట్టుకి పట్టుకెళ్ళాను. ఐసుముక్కల గ్లాసులో, కుళాయి నీళ్ళలో, మరిగే నీళ్ళలో ముంచి, మీటరు పెట్టి చూసి ఆ అంకెలు కంప్యూటర్‌కి ఎక్కించాను. టీకొట్టాయన ఎప్పట్లాగే సణిగాడు. "ఆ గిన్నెలో ఇంక టీ ఎవరు తాగుతారమ్మా?"

"మీ టీ కంటే ఈ నీళ్ళే చిక్కగా ఉన్నాయిలెండి," అన్నాను.

ఈలోగా బాబాయి వైరింగ్ పూర్తిచేశాడు. బెంజ్ సర్కిల్ దాకా వెళ్ళి చూద్దామని ఆవిడ తోలుతుంటే నేను లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చున్నాను. బండి హాయిగా పోయింది. సిగ్నల్ దగ్గర ఆగాం.

"ఎయిరేటర్ కూడా వేస్తానండీ. రేపు దారంతా తిరగాల్సిందే కదా," అంది. ట్యాంకు నీళ్ళలోకి గాలి ఊదే మోటారు అది. అది ఆగితే పిల్లలు ఊపిరాడక చస్తాయి. ఆవిడ స్విచ్చి నొక్కిందో లేదో, ఇంజన్ దగ్గి, నల్లపొగ కక్కి ఆగిపోయింది. వెనక ఒకటే హారన్లు.

"గాలి కావాలంటే ఇంజన్ వదులుకోవాలా అండీ?" అంది.

లాప్‌టాప్ చూశాను. ఇంజన్ బాగా వేడెక్కి ఉన్నా, అది చల్లగా ఉందనుకుని కంప్యూటర్ పెట్రోలు దిమ్మరించింది. ఎయిరేటర్ ఆపమన్నాను. వేడి చూపే అంకె మళ్ళీ సరైన చోటికి వచ్చేసింది. సెన్సర్ తప్పు కాదు, నా లెక్క తప్పు అంతకన్నా కాదు. కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారిది తప్పు, ఎర్తుది!

షెడ్డుకి రాగానే అడిగాను. "బాబాయ్, సెన్సర్ ఎర్తు ఎక్కడిచ్చావు?"

"ఇంకెక్కడ? బాడీకే. ఎయిరేటర్ ఎర్తు బోల్టు దగ్గర్లో ఉంటే దానికే కలిపా. ఎర్తు ఎక్కడైనా ఎర్తేగా?"

ఆటోనగర్‌లో అందరి పద్ధతీ అదే, దగ్గర్లో ఏ బోల్టుంటే దానికి. మామూలు బండ్లలో చెల్లిపోతుంది. ఇది ఉప్పునీళ్ళ బండి. ట్యాంకులోంచి చిందిన నీళ్ళకి ఆ బోల్టు కిందంతా తుప్పు. మోటారు కరెంటుకి తుప్పులో దారి సరిగ్గా దొరక్క, అదే బోల్టుకున్న సెన్సర్ లెక్క కూడా చెడిపోతోంది.

"సెన్సర్ ఎర్తు తిన్నగా కంప్యూటర్‌కే వెళ్ళాలి బాబాయ్."

బాబాయికి కోపం ముక్కు మీదే ఉంటుంది. "నా వైరింగ్‌కి ఇన్నాళ్ళూ ఎవడూ వంక పెట్టలా!"

"నేను పెడుతున్నాగా, రా చూద్దువుగాని," అని బోల్టు దగ్గర మీటరు పెట్టి, ఆవిణ్ణి స్విచ్చి వెయ్యమన్నాను. అంకె ఎగిరింది. ఆపమన్నాను, పడింది. బాబాయి ఆవిడ వైపు ఒకసారి చూసి, కట్టర్ అందుకుని తను వేసిన అతుకు తనే కత్తిరించాడు. సెన్సర్ నుంచి కంప్యూటర్‌కి కొత్త వైరు లాగాడు. ఎయిరేటర్‌కి బ్యాటరీ నుంచే విడిగా ఎర్తు ఇచ్చాడు.

"ఇప్పుడు వెయ్యమ్మా," అన్నాడు. ఎయిరేటర్ తిరిగింది. ఇంజన్ బెదరలేదు.

"చూశావా!" అన్నాను.

"చాల్లే నీ డప్పు," అన్నాడు.

మర్నాడు పొద్దుట్నుంచీ నా ఫోను మోగినప్పుడల్లా బాబాయి పని ఆపి తలెత్తుతూనే ఉన్నాడు. భోజనాల వేళకి ఆవిడ ఫోను చేసి, బాబాయిగారికి ఇమ్మంది. స్పీకర్ పెట్టి ఇచ్చాను. ఇంజన్ చప్పుడు, దాంతోపాటే ఎయిరేటర్ మోత.

"ఇంకా దారిలోనే ఉన్నావా అమ్మా? బండేమైనా సతాయించిందా?" అని అడిగాడు బాబాయి.

"లేదండీ, చెరువుగట్టు మీదున్నా. పిల్లలన్నీ చక్కగా దిగిపోయినై. ట్యాంకు ఖాళీ."

"మరి ఆ ఎయిరేటర్ ఎందుకు తిరుగుతోంది?"

"మీకు వినిపిద్దామని వేశానండీ."