అవ్వ వేలు కింద, నా సూది పైన

టైపు పరీక్ష దగ్గర పెట్టుకుని బుద్ధున్న మనిషెవరూ సూది ముట్టుకోరు. నాకు బుద్ధి లేక కాదు, తప్పించుకునే దారి లేక ముట్టుకున్నాను.

అవి తొంభైల చివరి రోజులు. బాన్సువాడలో మా ఇంటికి కాన్పుకు వచ్చిన అక్కకు పాప పుట్టింది. ఆదివారం పాపను తొట్టెలో వేసే పండుగ, సోమవారం నిజామాబాద్‌లో నా పరీక్ష. మా ఇళ్లలో మొదటిసారి తొట్టెలో వేసేటప్పుడు పాప కింద కొత్త బట్ట పరవరు. తల్లిగారింట్లో కట్టి కట్టి మెత్తబడిన చీరెలతో కుట్టిన బొంతే ఉండాలి. అమ్మేమో పిండివంటల్లో మునిగిపోయింది. బాలింత సూది పట్టకూడదు కాబట్టి అక్కకు దర్జాగా సెలవు. మా నాయనమ్మను మేం అవ్వ అనేవాళ్లం. ఊళ్లో సగం మంది పిల్లలు ఆమె కుట్టిన బొంతల మీదే దొర్లారు గానీ, ఇప్పుడామె కళ్లకు మసక. ఇక మిగిలింది నేను, నా పదివేళ్లు.

ఆ పదివేళ్ల మీదే నా బతుకంతా ఉంది. టైపులో మొదటి మెట్టయిన లోయర్ పరీక్ష అప్పటికే ఒకసారి తప్పాను. కోర్టు ముందర టైపు మిషన్ పెట్టుకుని, నల్లకోట్ల వకీళ్లను "ఆగండి సార్, టైమ్ పడుతుంది" అంటూ నిలబెట్టాలని నా కోరిక. నాన్న మాత్రం ఒక్కమాటే అన్నాడు.

"ఈసారి గూడ తప్పితే ఇగ టైపు బంద్ బిడ్డా."

అరిచే తండ్రి అయితే ఏడ్చి గెలవొచ్చు. మా నాన్న మెల్లగా చెబుతాడు, అందుకే భయం. పైగా మేం నేర్చుకున్న మిషన్ మీటలు మొండివి, గట్టిగా పొడిస్తే తప్ప కాగితం మీద అక్షరం పడదు. వేలికి పుండయితే నా పని అయిపోయినట్టే.

బొంత కుట్టేటప్పుడు రెండు వేళ్లకు గండం. పైన సూదిని నెట్టే వేలికి సూది బెజ్జం దిగుతుంది. కింద, మొన బయటికి వచ్చిందో లేదో తడిమి చూసే వేలికి మొన దిగుతుంది. పాత చీరెల పొరలు మందంగా ఉంటాయి కదా, కింది వేలికి తగిలితేనే కుట్టు అన్ని పొరలూ దాటిందని తెలిసేది.

పై వేలికి మందు దొరికింది. బస్టాండు దగ్గరి దర్జీ పెదనాన్న తన అంగుస్తానా ఇచ్చాడు, వేలికి తొడుక్కునే ఇనుప టోపీ అది. నా వేలికి వదులైతే లోపల గుడ్డపేలిక కుక్కాను. చిక్కంతా కింది వేలితోనే. మొదట బెండకాయ ముచ్చిక తొడిగాను. చూడ్డానికి ముద్దుగానే ఉంది గానీ కాసేపటికే జిగురు కారి సూది, దారం, నేను ఒకదానికొకటి అతుక్కున్నాం. అమ్మ వచ్చి కూర తరగమంటే బెండకాయలన్నిటికీ తలలు కోశావేమే అని నెత్తిన ఒక్కటిచ్చింది. తర్వాత సైకిల్ ట్యూబు ముక్క కోసి వేలికి చుట్టి దారంతో బిగించాను. ఆహా! గుచ్చితే గుచ్చినట్టే తెలియలేదు. సినిమా పాటలు పాడుకుంటూ బర్రున కుట్టుకుంటూ పోయాను.

బొంత జారకుండా ఒక అంచు అవ్వ తన ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంతలో నస్రుల్లాబాద్ నుంచి అక్క అత్తగారు ఆటో దిగింది. వియ్యపురాలు వస్తే కాళ్లకు నీళ్లివ్వాలి కదా. "అయ్యో, రా బిడ్డా, రా" అంటూ అవ్వ లేచింది. ఆమెతోపాటు బొంత కూడా లేచింది. బొంత వెనక దారం ఉండ, దాని వెనక కత్తెర. గుమ్మం దాకా ఊరేగింపులా వెళ్లారు. నేను అవ్వ కట్టుకున్న చీరెను కూడా కలిపి కుట్టేశాను. ట్యూబు తొడుక్కున్న వేలికి ఎన్ని పొరలైతే ఏం తెలుస్తుంది?

"ఏందవ్వా, బొంత కట్టుకున్నవా?" అంది అక్క అత్తగారు, చెంబు కూడా అందుకోకుండా.

"గట్లనే బిడ్డా. నా మనుమరాలు కుట్టింది, గిప్పుడు గిదే ఫ్యాషన్."

అక్క నవ్వలేక నవ్వలేక పొత్తికడుపు పట్టుకుంది. ఆ నవ్వులకు పాప లేచి ఏడుపు లంకించుకుంది. నాకూ నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. కుట్టినదంతా విప్పాలి. ట్యూబు పెడితే కుట్టు తెలియదు, తీస్తే వేలు దక్కదు.

అవ్వ నా ఎదురుగా వచ్చి చతికిలబడింది. ఎడమచేత్తో అంచు బిగపట్టి, కుడిచెయ్యి బొంత కిందికి పోనిచ్చింది.

"కండ్లు నీయి, ఏలు నాది. గుచ్చు."

"నీకు తగుల్తది అవ్వా."

"నాట్లేసిన ఏళ్లు గివి. సూది దిగుతదా వీటికి? నువ్వు గుచ్చు, నేను చెప్తా."

గుచ్చాను. "వచ్చింది" అంది. మళ్లీ గుచ్చాను. "వచ్చింది." కాసేపటికి అది ఆటైపోయింది. నేను కావాలని ఆలస్యం చేస్తే "ఏంది, బస్సు రాలేదా?" అనేది. తొందరపడితే "ఆగు ఆగు, ఎక్స్‌ప్రెస్ అయినవ్" అనేది. అక్క మంచం మీది నుంచి కండక్టరులా ఈల వేసేది. అంత నవ్వుతూ కుట్టిన బొంత మా ఇంట్లో మరొకటి లేదు. శనివారం సాయంత్రానికి చివరి ముడి పడింది. నా వేళ్లు పదీ చెక్కుచెదరలేదు.

ఆదివారం పండుగ విందులో అవ్వ చెంచాతో తిన్నది. పుట్టి బుద్ధెరిగి ఆమె చెంచా పట్టగా ఎవరూ చూడలేదు. పంక్తి అంతా గొల్లుమంది.

"మనుమరాలు రేపు ఆఫీసరైతది. నేను గిప్పటి సంది నేర్చుకోవద్దా?" అంది అవ్వ. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

సోమవారం పరీక్షలో నా వేళ్లు గుర్రాల్లా పరుగెత్తాయి. గంట కొట్టకముందే కాగితం పూర్తయింది. ఈసారి పాసేనని అక్కడే తెలిసిపోయింది. గాల్లో తేలుతూ ఇంటికొచ్చాను. సాయంత్రం బువ్వ తినే వేళ అవ్వ చేతిలో మళ్లీ చెంచా. పండుగ అయిపోయింది, చూసి నవ్వడానికి చుట్టాలు కూడా లేరు.

"ఇంకేం ఆఫీసరువు అవ్వా, ఇటు తే" అని చెయ్యి లాగాను. అవ్వ వెనక్కి గుంజుకోబోయింది. చూపుడువేలి కొస, నడిమి వేలి కొస జల్లెడలా ఉన్నాయి. ఎర్రగా వాచి ఉన్నాయి.

"కారం తగిల్తే జరంత మండుతుంది, గంతే" అంది. ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు నవ్వింది.

ఆమె కంచం నా ముందుకు జరుపుకున్నాను. మామిడికాయ తొక్కు వేసి అన్నం ఎర్రగా కలిపాను, ముద్ద చేసి ఆమె నోట్లో పెట్టాను. అవ్వ కళ్లు మూసుకుని నమిలింది. అంత కారం కలిపానా, నా వేళ్లలో ఒక్కటంటే ఒక్కటి కూడా మండలేదు.