8417 నంబరు తలుపు

చంద్రకాంత్ చేసే పని ఏమిటో వాళ్ల ఊళ్లో ఎవరికీ అర్థం కాదు. కొండాపూర్ దగ్గర వ్యవసాయ కుటుంబం. బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్లు కంప్యూటర్లు చూసుకొని, తర్వాత పటాన్‌చెరులో మా చిన్న ఆఫీసుకు వచ్చాడు. ఫ్యాక్టరీవాళ్లు అనుమతి ఇస్తే వాళ్ల కంప్యూటర్లలోకి బయటివాడు దూరగలడా లేదా అని దూరి చూడటం ఆయన పని. చూసినదాన్ని రిపోర్టు రాయడం నా పని. నా పేరు దీప్తి. ఇద్దరికీ ఈ పని మీద విసుగు పుట్టి చాలా కాలమైంది.

ఎక్కడికి వెళ్లినా అదే తప్పు మరి! నడుస్తున్న ప్రోగ్రాంలో లోపాన్ని దూరం నుంచే చూసి సరిచేయడానికి డీబగ్గింగ్ అని ఒక దొడ్డిదారి తెరుస్తారు. పని కాగానే మూసేయాలి. మూస్తే కదా! దానికి పాస్‌వర్డ్ కూడా ఉండదు. అందులోంచి వెళ్లినవాడు ప్రోగ్రాం చేత ఏమైనా చేయించగలడు.

మొన్న వానాకాలంలో ఆయన పాత ఫ్యాక్టరీయే మమ్మల్ని పిలిచింది. చంద్రకాంత్ మా ఆఫీసులో చాయ్ తాగుతూనే రసాయనాలు కాగే రియాక్టర్ ట్యాంకు వేడిని చూపించే ప్రోగ్రాంలోకి వెళ్లిపోయాడు. లోపల తొంభై డిగ్రీలు కాగుతున్నా తెర మీద అరవై అని చూపించవచ్చు. ఆ రియాక్టర్ పక్కన నిలబడేది మనుషులండీ! నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఫ్యాక్టరీకి వెళ్లి అదే చూపించాం. మేనేజరు రాజేశం వెంటనే శ్రీకాంత్‌ను పిలిపించాడు. ఇప్పుడు అక్కడి కంప్యూటర్లు చూసేది అతనే, కాంట్రాక్టు మీద.

"ఏందయ్యా గిది? కంపెనీని బజార్ల పెట్టినవు గదా!"

"నాకు తెల్వది సార్. నేనొచ్చి రెండేండ్లే అయింది."

"తెల్వదంటే అయిపాయెనా? సాయంత్రం గేట్ పాస్ అప్పజెప్పి పో."

శ్రీకాంత్ మొహం పాలిపోయింది. చంద్రకాంత్ మాత్రం తెర మీది నుంచి కళ్లు తిప్పడం లేదు. నేనూ వంగి చూశాను. ప్రోగ్రాంలో ఆ దొడ్డిదారి తెరిచిన ఒక్క వరుస ఎనిమిదేళ్ల కిందట రాసింది. దానికి పెట్టిన నంబరు 8417. బయట పార్కింగులో ఉన్న చంద్రకాంత్ బండి నంబరు కూడా అదే.

నన్ను వరండాలోకి పిలిచాడు. "నేనే పెట్టిన దీప్తీ. ఆదివారం కంపెనీ బస్సు రాకపోయేది. అయినా ఫోన్ చేసి రమ్మనేటోళ్లు. ఇంట్ల కూసొనే చేసుకుందామని పెట్టి, నౌకరి ఇడిసేటప్పుడు మరిచిపోయిన."

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనిచ్చిన సలహా ఇది: "ఆ వరుస ఎప్పటిదో రిపోర్టులో రాయకుండా వదిలేద్దాం అన్నా. ఎవరు చూస్తరు?"

"శ్రీకాంత్ నౌకరి పోతది గదా" అంటూ లోపలికి వెళ్లి, కూర్చోకుండానే రాజేశానికి మొత్తం చెప్పేశాడు.

 రాజేశం మా ఓనరుకు ఫోన్ చేసి దులిపేశాడు. రేపటి నుంచి చంద్రకాంత్ ఆ ఫ్యాక్టరీ గడప తొక్కకూడదని అక్కడికక్కడే తేలింది. శ్రీకాంత్ గేట్ పాస్ మాత్రం అతని జేబులోనే ఉండిపోయింది. రాజేశం వెళ్లిపోయాక, ఆ వరుస తీసేయడానికి చంద్రకాంత్ కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

శ్రీకాంత్ పక్కకు వచ్చాడు. "అన్నా, జెర ఆగు. అది తీసేస్తే ఆదివారం నేనెట్ల?"

ఇద్దరం అతని వైపు తిరిగాం.

"ఎవలు పెట్టిండ్రో తెల్వదు గని, ఉన్నదని తెలుసన్నా. మా పోతిరెడ్డిపల్లికెల్లి ఇటు ఆదివారం బస్సు లేదు. ఫోన్ వస్తే ఇంటి కాడనే ఉండి దాంట్లకెల్లి చేస్తున్న. నా బిడ్డతోని కూసొని తినేది గా ఒక్క పూటనే."

ఎంత అబద్ధాలకోరు! నాలుగు కడిగేద్దామని నోరు తెరిచి, చంద్రకాంత్‌ను చూసి మూసుకున్నాను. ఆయన కళ్లల్లో నీళ్లు.

"నేను గూడ గందుకే పెట్టిన తమ్మీ" అన్నాడు. "కని రియాక్టర్ కాడ మనుషులుంటరు."

ఆ వరుస తీసేశాడు. పోయిందా లేదా అని రెండుసార్లు పరీక్షించాడు. ఆదివారానికి ఇంకో మనిషి కావాలని రిపోర్టులో రాయమన్నాడు. రాశాను. అలాంటివి ఇదివరకు నలభై రాసి ఉంటాను, ఒక్కదానికీ జవాబు రాలేదు.

మేం సంచులు సర్దుకుంటుంటే శ్రీకాంత్ కిటికీ దగ్గర నిలబడి భార్యకు ఫోన్ చేశాడు.

"నౌకరి ఉన్నది, పరేషాన్ గాకు. కని ఇగ ఆదివారం గూడ డ్యూటీయే. బిడ్డకు నువ్వే చెప్పు, నాతోని చెప్పుడు కాదు."