గోల్ కొట్టని యాకన్న

పాలకుర్తి బస్టాండు పక్కన గొడుగు కింద చెప్పులు కుట్టే పెద్దమనిషి ఒకాయన మొన్న పాత తోలు సంచికి ఆముదం రాస్తున్నాడు. ఎండకు వేడెక్కిన తోలు వాసనా, ఆముదం వాసనా కలిసి ముక్కుకు తగిలేసరికి, నేను ఎక్కాల్సిన ఆటో కళ్ళ ముందే కదిలిపోయినా చూసుకోలేదు. నాకు అది చెప్పుల వాసన కాదు, బంతి వాసన. మా ఊరు గార్లలో చిన్నప్పుడు లేసు కట్టిన తోలు బంతి ఒకటి ఉండేది. ఆటకు ముందురోజు దానికి ఆముదం పట్టించి మా వసారాలో దండేనికి వేలాడదీసేవాళ్ళు. మా బాపు, అంటే మా నాన్న, ఊరి ఫుట్‌బాల్ జట్టులో ఆడేవాడు కాదు, జట్టుకు పెద్దా కాదు. కానీ అన్నీ తానే అనుకునేవాడు, మిగతావాళ్ళూ కాదనేవాళ్ళు కాదు. నేను చదివింది నాలుగో తరగతి. బడిలో చెప్పింది ఒక్కటీ నిలవలేదు గానీ, మైదానంలో ఎవరు ఏ మాట అన్నారో ఇప్పుడడిగినా చెబుతాను.

మైదానం రైలు పట్టాలకూ రైస్ మిల్లుకూ నడుమ ఉండేది. వానాకాలమంతా అందులో నీళ్ళు నిలిచి కప్పలు అరిచేవి. బతుకమ్మ పండుగ దాటి నేల గట్టిపడ్డాక ఆటలు మొదలయ్యేవి, అందుకే ఫుట్‌బాల్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది సద్దుల నాడు మిగిలిన సత్తుపిండీ, మలీద ముద్దలూ, వాటిని గుడ్డలో కట్టుకొని గీత పక్కన కూర్చొని కొంచెం కొంచెం కొరుక్కోవడం. మిల్లు గొట్టంలోంచి ఊక ఎగిరొచ్చి మా నెత్తుల మీదా ముద్దల మీదా పడేది; ఊదుకొని తినేవాళ్ళం. సీతాఫలాల కాలమైతే గింజలన్నీ అవతలి జట్టువాళ్ళు పరుగెత్తే దిక్కుకే ఊసేవాళ్ళం. ఆడవాళ్ళు మైదానానికి వచ్చేవాళ్ళు కాదు. నేను మాత్రం బాపు తువ్వాల కొస పట్టుకొని వెనకే వెళ్ళేదాన్ని. గోల్ పడితే ఆ తువ్వాలను గాలిలో గిరగిరా తిప్పేవాడు. పడకపోతే మెలిపెట్టి పిండేవాడు, ఇక ఆ పూట ఇంట్లో కూరలో ఉప్పెక్కువైందని గొడవ తప్పదని నాకు అక్కడే తెలిసిపోయేది.

గోల్ కొట్టేది యాకయ్య. మిల్లులో బస్తాలు మోసేవాడు, మా ఇంటికి దగ్గరే ఉండేవాడు, నేను యాకన్న అనేదాన్ని. బూటు లేని ఎడమకాలితో అతను కొడితే ఆ చప్పుడు మిల్లు గోడకు తగిలి మళ్ళీ వినపడేది. ఎవరింటికి చుట్టాలొచ్చినా పిలిచి అతన్ని చూపించేవాళ్ళు. ఆట మొదలయ్యే ముందు గోల్ కర్రకు పసుపు రాసి కొబ్బరికాయ కొట్టడం మా జట్టు ఆనవాయితీ. గోల్ కొట్టేవాడే కాయ కొట్టాలి. యాకన్న కొడితే కాయ కత్తితో కోసినట్టు పగిలేది.

ఒక ఏడు చలి మొదలయ్యే రోజుల్లో, యాకన్న కాయను చేతిలోకి తీసుకొని కాసేపు చూసి, పక్కనున్న గోల్ కీపర్ జోసెఫ్ చేతిలో పెట్టాడు. జోసెఫన్న చర్చికి వెళ్ళే మనిషి, కాయ కొట్టడం అతని అలవాటు కాదు. బంతిని పట్టినట్టు రెండు చేతులా పట్టుకొని అటూ ఇటూ చూశాడు. చివరికి బాపే వెళ్ళి కొట్టాడు, అది వంకరగా పగిలింది. ఆ రోజు యాకన్న గోల్ కొట్టలేదు. ఆ తరువాతి ఆటలోనూ కొట్టలేదు, కాయా ముట్టలేదు. కొట్టడానికి రాక కాదు. గోల్ ముందు ఒక్కడే ఉన్నప్పుడు కూడా బంతిని కాలి పక్కతో మెల్లగా, నిద్రపోతున్న పిల్లను పక్క మీదికి జరిపినట్టు, ఇంకొకరికి జరిపేవాడు.

ఇక అనుమానాలు మొదలయ్యాయి. యాకయ్య చర్చిలో కలిశాడని ఒకరన్నారు, అందుకే కాయ ముట్టడం లేదని. అందరూ జోసెఫన్న దిక్కు చూశారు.

"మా చర్చిల గోల్ ఆపేటోన్ని నేనొక్కన్నే అన్న. కొట్టేటోన్ని ఆపుమని పాస్టర్ ఎన్నడు చెప్పలే" అన్నాడతను.

అందరూ నవ్వారు గానీ అనుమానం పోలేదు, చోటు మారింది. యాకన్న భార్య సమ్మక్కది భూపాలపల్లి దిక్కు. ఆ దిక్కు బొగ్గు బావుల జట్టు ఏటా మా ఊరికి ఆడటానికి వచ్చేది, మా మీద గెలిచి వెళ్ళేది. అత్తగారింట్లో అన్నంలో మందు పెట్టారనీ, కాలు కట్టేశారనీ కొందరన్నారు. మందూ లేదు మాకూ లేదు, అత్తగారి ఊరి జట్టు మీద మనసు పడింది, వాళ్ళను గెలిపించడానికి ఇప్పటి నుంచే అలవాటు చేసుకుంటున్నాడని బాపు అన్నాడు. ఆ మాటే ఊళ్ళో నిలిచింది. యాకన్న బస్తా మోస్తూ ఎదురైతే పలకరించేవాళ్ళు తగ్గారు. అతను నవ్వినా అనుమానమే, నవ్వకున్నా అనుమానమే.

ఇంట్లో బాపు ఈ కథంతా అన్నం ముందు చెబుతుంటే మా అవ్వ, అంటే మా అమ్మ, ఎన్నడూ లేనిది గిన్నెలోకి చూస్తూ ఊరుకునేది. ఒక పూట బాపు చెయ్యి ఆగింది.

"నీకేదో ఎర్కున్నది. ఏంది కథ, చెప్పు."

"ఆటల సంగతి నాకేం ఎర్క. బుక్క తిను."

బాపు తినలేదు, ఆమె ముఖమే చూశాడు. నాకూ అవ్వ మీద అనుమానం పట్టుకుంది. సమ్మక్క వదిన బోరింగు దగ్గరికి రావడం మానేసింది, ఆమె బిందె అవ్వే నింపి ఇచ్చి వస్తోంది. చింతకాయ తొక్కు జాడీ మా ఇంట్లో ఖాళీ అవుతోంది, తినేవాళ్ళు కనపడరు. అవ్వ కూడా భూపాలపల్లి జట్టు వైపు తిరిగిందనుకున్నాను. గచ్చకాయలు ఆడుతున్నట్టు గుమ్మం దగ్గర కూర్చొని, చెవులు మాత్రం లోపలే పెట్టాను.

యాకన్న తల్లి ఐలవ్వ ఒక మధ్యాహ్నం వచ్చి, అవ్వ మిరపకాయలు దంచుతుంటే రోలు పక్కన కూర్చుంది. అప్పుడు విన్నాను. సమ్మక్క వదిన నీళ్ళు పోసుకుంది. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండుసార్లూ యాకన్న సంతోషం ఆపుకోలేక మైదానంలో చెప్పేశాడు, ఊరందరి కళ్ళూ ఆ ఇంటి మీద పడ్డాయి. ఐలవ్వ నమ్మకం అది.

"ఈసారన్న నిలవాలె బిడ్డ. అయిదో నెల దాటేదాక మొగోళ్ళ చెవుల పడొద్దు" అంది.

కడుపుతో ఉన్నామె మగడు కాయ కొట్టకూడదు, పామును కొట్టకూడదు, కోడిని కోయకూడదు. మా దిక్కు ఈ పట్టింపు అందరికీ తెలిసిందే, గోల్ కూడా మానేసరికి మగవాళ్ళెవరికీ అది తట్టలేదు. కాయ సంగతి నాకు తేలిపోయింది. గోల్ ఎందుకు కొట్టడం లేదో మాత్రం తేలలేదు. అవ్వకూ తేలలేదని ఆమె ముఖం చూస్తే తెలిసింది. నన్ను చూసి అవ్వ కారం చెయ్యి నా నోటి దగ్గర పెట్టి, మాట బయటికి వస్తే ఇదే పూస్తానంది. నేను చెప్పలేదు.

బొగ్గు బావుల జట్టు లారీలో వచ్చింది, వెనక నిలబడి వాళ్ళ మనుషులూ వచ్చారు. అందులో సమ్మక్క వదిన తమ్ముడున్నాడు. దిగుతూనే "బావా" అని కేకేశాడు. బాపు పక్కవాళ్ళకు మోచేత్తో పొడిచి, విన్నారా అన్నాడు. ఆ రోజు కొట్టకపోతే యాకయ్యను ఇక జట్టులో ఉంచేది లేదని అప్పటికే అనుకున్నారు. మిల్లు గోడ మీది పిల్లలైతే అతని కాలికి బంతి దొరికినప్పుడల్లా "ఓ అల్లుడు, ఓ అల్లుడు" అని పాట కట్టారు. చెరొక గోల్ పడింది, మాది యాకన్న కొట్టింది కాదు. ఆట ఆఖరుకు వచ్చేసరికి అవతలివాడి చేతికి బంతి తగిలి మాకు పెనాల్టీ వచ్చింది. ఎదురుగా కీపర్ ఒక్కడే. కొట్టేది యాకయ్యే అని బాపు గీత దాటి లోపలికి వెళ్ళి మరీ చెప్పాడు. ఈ రోజు తేలిపోతుందని ఆయన కళ్ళు చెబుతున్నాయి.

"కొట్టు, కొట్టు" అని మైదానమంతా అరిచింది. యాకన్న బంతి ముందు నిలబడి కదలలేదు. మావాళ్ళు కొందరు లేచి అతని దిక్కు నడిచారు. అప్పుడే జనాన్ని తోసుకుంటూ ఐలవ్వ వచ్చింది. కొడుకును కొడతారని ఎవరో చెప్పారట, చెంగు బిగించి తిన్నగా లోపలికే నడిచింది.

"ఏం నిలవడ్డవ్‌ర? అందరు అడుగుతుండ్రు గద, కొట్టు."

"నువ్వే గదనే ఏం కొట్టొద్దన్నవ్" అన్నాడు యాకన్న.

"నేన్ కాయ కొట్టొద్దన్న. పామును కొట్టొద్దన్న. గోల్ కొట్టొద్దన్ననార పిచ్చోడ? గోల్‌కు పాణం ఉంటదా?"

అన్నాక ఆమెకు తెలిసింది ఏమన్నదో. చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాయ కొట్టకూడని మగవాడి ఇంట్లో ఏముంటుందో అక్కడ చెప్పాల్సిన పని ఎవరికీ లేదు. యాకన్న మీదికి వస్తున్నవాళ్ళు వెనక్కి తగ్గారు. లారీ దగ్గరున్న సమ్మక్క వదిన తమ్ముడు ఉన్నచోటనే కూలబడ్డాడు, అతనికీ అప్పుడే తెలిసింది.

యాకన్న బంతి వైపు చూశాడు. "నువ్వు చెప్తే సరే గని అవ్వ, నా కాలు ఒప్పుతలేదు" అన్నాడు.

బాపు మెలిపెట్టిన తువ్వాలను వదిలేశాడు. "ఉండని తియ్ బిడ్డ. ఇంకెవలన్న కొడ్తరు" అన్నాడు.

జోసెఫన్న తన గోల్ విడిచి వచ్చి కొట్టాడు, అది మిల్లు గోడ దాటి పోయింది. ఆ తరువాత వాళ్ళు ఇంకొకటి కొట్టారు, మేము ఆ ఆట ఓడిపోయాం. ఎవరూ ఎవరినీ ఒక్క మాట అనలేదు. ఇళ్ళకు వెళ్ళేటప్పుడు మాత్రం, ఎవరూ ఈ సంగతి ఎత్తొద్దని ఒకరికొకరు చెప్పుకున్నారు. అనుమానం అప్పుడూ పోలేదు, దిక్కు మార్చుకుంది. యాకన్న ఇంటి వైపు ఎవరు నిలబడి చూసినా బాపుకు కిట్టేది కాదు. గాజులమ్మే ఆమె ఆ గుమ్మం ముందు ఎక్కువసేపు కూర్చుందని వెళ్ళగొట్టాడు. ఊళ్ళో ఎన్నడూ చూడని మేకల కాపరిని ఎవరింటి మనిషివని నిలదీశాడు. జట్టులోంచి యాకన్నను తియ్యలేదు. కొట్టని ఫార్వర్డును పెట్టుకొని ఆ చలికాలమంతా ఆడారు, చాలా ఓడారు.

తాటి ముంజల కాలంలో సమ్మక్క వదిన నీళ్ళాడింది. ఆడపిల్ల. నిలవని కడుపుల తరువాత పుట్టిన పిల్ల కాబట్టి పెంట మీద పడుకోబెట్టి, చాటలో ఎత్తుకొచ్చి, పెంటమ్మ అని పేరు పెట్టారు. బడిలో స్వరూప అని రాయించారు. తరువాత యాకన్న మళ్ళీ కాయ కొట్టాడు, బంతినీ కొట్టాడు, కానీ గోల్స్ పడలేదు. కొన్నాళ్ళకు ఆడటం మానేశాడు. అప్పుడు బాపుకు చివరి అనుమానం పుట్టింది, అది ఆయన పోయేదాకా ఉంది. వాని మోకాలు అప్పటికే పోయింది, తల్లి మాటను అడ్డం పెట్టుకున్నాడు అనేవాడు. అవ్వకు ఒళ్ళు మండేది. ఈ ఒక్క ముచ్చట మీద వాళ్ళిద్దరూ ఎన్ని పూటలు మాట్లాడుకోలేదో.

వాళ్ళిద్దరూ ఇప్పుడు లేరు. మైదానం ప్లాట్లయింది. ఎక్కడో ఆడే ఆటలు చూస్తూ, ముఖం ఎరుగని ఫార్వర్డును మా మనవడు ఫోనులో తిడుతుంటాడు. ఆ ఫార్వర్డు ఇంట్లో సంగతి ఏ రోలు దగ్గరా వినపడదు.

పోయిన నెల మానుకోటలో ఒక పెండ్లికి వెళ్తే భోజనాల బంతిలో నా పక్కన యాకన్న కూర్చున్నాడు, అటు పక్క స్వరూప. యాకన్న తల నెరిసింది, నడకలో కుంటు ఉంది. కుశలమడిగాక ఊరుకోలేక అడిగేశాను.

"అన్న, నిజం చెప్పు. ఆనాడు మీ అవ్వ మాటనేనా, మోకాలా?"

"మీ బాపు ఏమనేటోడు?"

"మోకాలనేటోడు."

యాకన్న చాలాసేపు నవ్వాడు. "మీ బాపుకు ఆట తెల్సు చెల్లె" అన్నాడు. అంటే ఏమిటో నాకు ఇప్పటికీ తేలలేదు.

స్వరూప తినడం ఆపి మా ఇద్దరినీ చూసింది. "ఏం ఆట? నువ్వు ఆడేటోనివా నాయిన?"

ఆమెకు ఎవరూ చెప్పలేదని అప్పుడు తెలిసింది.

"బంతాట" అన్నాడు యాకన్న.

"గోల్ కొట్టినవా ఎన్నడన్న?" అని ఆమె నవ్వుతూ అడిగింది.

యాకన్న నా వైపు చూడలేదు. "కొట్టిన బిడ్డ," అన్నాడు, "నువ్వు పుట్టకముందు."